టబ్బులు ఆగినప్పుడు ఒక గుటక

బొగ్గు బాయిల దగ్గరి దవాఖానలో ఫిజియోథెరపిస్టులుగా చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందే ఒక మాట. మీ దగ్గరికి బాగుపడడానికి వచ్చేవాళ్లు తక్కువ. బాగుపడలేదని రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువ. కాలేజీలో మీకు కండరాల పేర్లన్నీ నేర్పి ఉంటారు. కారణాల పేర్లు నేర్పి ఉండరు.

గోదావరిఖనిలో నా గది దవాఖాన వరండా చివర ఉండేది, ఎక్స్‌రే గదికీ విరిగిన మంచాలు పడేసే గదికీ నడుమ. నన్ను ఎవరి పక్కన కూర్చోబెట్టాలో పెద్దలకు బాగా తెలుసు. గోడకు ఒక చక్రం, పైన కప్పీకి ఒక తాడు, ఎంత తొక్కినా ఎటూ పోని ఒక సైకిలు. మా కార్మికులు ఫిజియోథెరపీని 'ఫీజుతెరపీ' అనేవాళ్లు. ఫీజు తీసుకోని తెరపీ కాబట్టి మర్యాద కూడా దానికి తగ్గట్టే దొరికేది.

కుంటుతూ లోపలికి వచ్చి, నా సంతకం అయ్యాక ఎదురుగా ఉన్న చాయ్ హోటలుకు చకచకా నడిచిపోయే మనుషులను నా కిటికీలోంచి రోజూ చూసేవాణ్ని. పాపం, కొందరు పోయిన వారం ఏ కాలు కుంటారో ఈ వారానికి మరిచిపోయేవాళ్లు. నేనే గుర్తుచేసేవాణ్ని. వాళ్లను తప్పుపట్టను. బాయి దిగకుండా పైన సులువు పని దొరుకుతుందంటే నేనూ కుంటేవాణ్నే. ఆ మాటకొస్తే నాది పుట్టుకతోనే సులువు పని.

అన్‌ఫిట్ల ఊళ్లో ఒక ఫిట్

తెలంగాణ ఉద్యమం ఇంకా ఊరేగింపుల దాకా రాని రోజులు. ఒక పొద్దున ఓదెలు వచ్చాడు. తలుపు సందులోంచి పక్కకు తిరిగి వచ్చాడు, ఎదురుగా వస్తే పట్టడు కాబట్టి.

"ఏం కావాలె ఓదెలూ?" అన్నాను, కాగితం ముందుకు లాక్కుంటూ.

"ఫిట్ కావాలె సార్."

"అన్‌ఫిట్టా?"

"ఫిట్టు సార్, ఫిట్టు. ఆ 'అన్' తీసెయ్యి."

నా సర్వీసులో ఆ రెండక్షరాలు తీసెయ్యమన్న మొదటి మనిషి అతనే. చివరివాడు కూడా.

ఓదెలు హాలర్ డ్రైవరు. అంటే భూమి లోపల ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను గుంజే యంత్రం ముందు కూర్చుని, గంట వినపడ్డట్టు బ్రేకు, మీట చూసుకునేవాడు. ఒక గంటకు ఆపాలి, ఇంకో రకం గంటకు గుంజాలి. ఇరవై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్నాడు. టబ్బులను గుంజీ గుంజీ తనే నిండు టబ్బయ్యాడు. షుగరు వచ్చింది, మోకాళ్లు పోయాయి, గురక మొదలైంది. ఒకరోజు షిఫ్టు నడుమ, టబ్బులు ఆగి ఉండగా, మీట దగ్గరే నిద్రపోయి గురక పెడుతూ దొరికాడు. బాయిదొర, అంటే గని మేనేజరు, కేకలేసి అతన్ని పైన తలదీపాల బ్యాటరీలు ఇచ్చే ల్యాంపు రూములో కూర్చోబెట్టాడు. ఇంకొకరైతే మిఠాయి పంచేవాళ్లు.

"ఇరవై ఏండ్లు టబ్బులు గుంజిన సార్. గిప్పుడు బ్యాటరీలు అందియ్యమంటున్నరు. నిన్నగాక మొన్నొచ్చినోళ్లు 'కాకా, జల్ది ఇయ్యే' అని గదమాయిస్తున్నరు. నా సీట్ల ఇంకోడు కూసుంటున్నడు సార్."

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటానని, ఆ తర్వాత తనను నడిపించి, వంచి, మళ్లీ బాయికి పనికొచ్చేటట్టు చెయ్యమని అడిగాడు. అట్లాంటి ఆపరేషన్ ఉందని నేను పత్రికలో చదివాను. అతను నాకంటే ఎక్కువ చదివాడని తర్వాత తెలిసింది.

కాగితంలో రెండు లైన్లు

హైదరాబాదులో ఆపరేషన్ అయింది. కడుపులో పెద్ద భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చారు. కాలనీలో మాత్రం రకరకాలుగా చెప్పుకున్నారు. కడుపు తీసి కోడి కడుపు పెట్టారని ఒకరు, కుట్లకు బదులు జిప్పు వేశారని ఒకరు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ జిప్పు చూపించమన్నారట.

దవాఖాన నుంచి ఇంగ్లీషు కాగితం ఒకటి తెచ్చాడు. అందులో నాకు కావలసినవి రెండు ముక్కలు. ఒకటి వ్యాయామం: మొదటి నుంచే మెల్లగా నడవాలి, రోజురోజుకూ పెంచాలి, డాక్టరు చెప్పేదాకా బరువులు ఎత్తొద్దు. రెండోది నీళ్లు: ఒక్కసారి గటగటా తాగొద్దు, రోజంతా కొద్దికొద్దిగా చప్పరించాలి, అన్నంతో పాటు అసలే తాగొద్దు, అన్నానికీ నీళ్లకూ నడుమ అరగంట ఎడం ఉండాలి.

వ్యాయామం నా లైను. నీళ్లు నర్సు లైను. నర్సు అది డాక్టరు లైను అనుకుంది. డాక్టరు ఆ కాగితం ఎక్కడుందని అడిగాడు. మా దవాఖానలో మనిషిని ముక్కలు చేయడానికి కత్తి అక్కర్లేదు, డిపార్టుమెంట్లు చాలు.

అతని భార్య సారక్క మాత్రం ఆ నీళ్ల ముక్కను వినగానే ఎదురుతిరిగింది.

"తినేటోని పక్కన చెంబు పెట్టొద్దా? గిదేం మర్యాద సార్? కుక్కకైనా గిన్నెల నీళ్లు పోస్తం గదా!"

"అరగంట ఆగి ఇయ్యక్కా."

"అరగంటకు నేనేడ ఉంట, ఆయనేడ ఉంటడు?"

సరిగ్గా అదే అసలు ప్రశ్న. నేను నవ్వి ఊరుకున్నాను. జీవితంలో నేను నవ్వి ఊరుకున్న చోటల్లా తర్వాత ఏడవాల్సి వచ్చింది.

ఇక నడక. స్టేడియం గ్రౌండు చుట్టూ పొద్దున్నే తిప్పాను. తిప్పాను అంటే, అతను తిరిగాడు, నేను గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని రౌండ్లు లెక్కపెట్టాను. ఓదెలు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. సగం రౌండుతో మొదలుపెట్టినవాడు నెలలు తిరిగేసరికి చాలా రౌండ్లు తిరిగాడు. ప్యాంటు నడుముకు నాలుగు సార్లు కుట్టు వేయించాడు. నా గది తలుపులోంచి ఎదురుగానే రావడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఇద్దరం చాయ్ తాగుదామనుకున్నాం. కాగితం గుర్తొచ్చి నేనొక్కణ్నే తాగాను.

చివరి వారాల్లో పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. లేచి నిలబడితే కండ్లు తిరుగుతున్నాయన్నాడు.

"బద్ధకం ఓదెలూ, ఒళ్లు మొండికేస్తది. ఇంకో రెండు రౌండ్లు కొట్టు," అన్నాను. బద్ధకం గురించి ఎవరికి ఎవరు చెప్తున్నారో ఆ సిమెంటు బెంచీకి తెలుసు.

నా కాగితం చూసి దవాఖాన మెడికల్ బోర్డు అతనికి ఫిట్ ఇచ్చింది. ఓదెలు బాయి దిగాడు. నేను మీసం దువ్వుకున్నాను.

గంట మనిషి

రెండో వారంలోనే ఓదెలును స్ట్రెచరు మీద తెచ్చారు. హాలర్ సీట్లోంచి పక్కకు ఒరిగిపోయాడు. అదృష్టం, అప్పటికి టబ్బులు ఆగి ఉన్నాయి, తాడు దారిలో మనుషులు లేరు. టబ్బులు కదులుతూ ఉంటే ఈ వ్యాసం నేను రాసేవాణ్ని కాదు, నా మీద ఎవరో ఎంక్వయిరీ రిపోర్టు రాసేవాళ్లు.

సెలైన్లు ఎక్కించారు. ఎండిన మొక్క లేచినట్టు లేచి కూర్చున్నాడు. ఒళ్లంతా నీళ్లు లేక వట్టిపోయిందని డ్యూటీ డాక్టరు తేల్చాడు.

"నీళ్లు తాగుతున్నవా?"

"తాగుతున్న సార్."

"సరే. ఇంకా బాగా తాగు."

ఇంతటి లోతైన విచారణ మా దవాఖానలో మామూలే. ఎంత తాగుతున్నావని కానీ, ఎప్పుడు, ఎట్లా అని కానీ ఎవరూ అడగలేదు. నెలల తరబడి రౌండ్లు లెక్కపెట్టిన నేనూ అడగలేదు.

నాకు సూపరింటెండెంటు గది నుంచి పిలుపొచ్చింది. ఆయన గురించి చెప్పాలి. బల్ల మీద కాలింగ్ బెల్లు, దాని మీద ఆయన బొటనవేలు. చాయ్ కోసం గంట, ఫైలు కోసం గంట, ఫ్యాను తగ్గించమని గంట, తగ్గించాక పెంచమని గంట. వరండాలో అటెండరు లేవడం, లోపలికి పోవడం, బయటికి రావడం, కూర్చోబోవడం, మళ్లీ లేవడం. మా దవాఖానలో అందరికంటే ఎక్కువ వ్యాయామం చేసింది ఆ అటెండరే.

"ఇదేనయ్యా నువ్విచ్చిన ఫిట్టు?" అన్నాడు సూపరింటెండెంటు. "రౌండ్లు లెక్కపెట్టడానికి ఫిజియోథెరపిస్టు ఎందుకు, వాచ్‌మన్ చాలు గదా!"

తిట్టు ఎవరి నోట్లోంచి వచ్చినా నిజమైతే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. ఒక నెల గడువు అడిగాను. నెల తర్వాత బోర్డు మళ్లీ చూస్తుంది, అప్పుడూ తూలితే ఓదెలు పదవీ విరమణ దాకా ల్యాంపు రూములోనే. ఆయన తలూపాడు. బాయి దిగి చూసి రావడానికి బాయిదొరకు ఒక చీటీ కూడా అడిగాను.

"నువ్వు దిగుతవా? మరి నిన్ను ఎక్కించేదెవరు?" అని నా పొట్ట వైపు చూసి, చీటీ రాయించడానికి గంట కొట్టాడు.

నేను చూడని పనిచోటు

ఇక్కడ నా సిగ్గుమాలిన సంగతి ఒకటి ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా బాయి కార్మికుల నడుములు, మోకాళ్లు వంచాను. ఒక్కనాడూ బాయి దిగలేదు. వాళ్లు ఎక్కడ వంగుతారో, ఎంతసేపు వంగుతారో అంతా వాళ్లు చెప్తే విన్నదే.

లోపల షిఫ్టు పనులు చూసే ఓవర్‌మన్ వెంట, తలకు దీపం, నడుముకు బ్యాటరీ, నా సైజు కాని బూట్లతో దిగాను. వాలులో దిగుతుంటే మోకాళ్లు నా చదువునంతా గుర్తుచేశాయి. కింద హాలర్ దగ్గర ఓదెలు సీట్లో, అతను లేనప్పుడు మీట పట్టే కొమురయ్య కూర్చున్నాడు. ఓదెలు కంటే పదేళ్లు చిన్న. చుట్టూ టబ్బులు తగిలించేవాళ్లు ముగ్గురు. ఉక్కపోత, చెమట. నేను ఊరికే నిలబడే తడిసిపోయాను.

నడి షిఫ్టులో సద్దులు విప్పారు. అందరికీ కలిపి ఒకటే నీళ్ల క్యాను. తల వెనక్కు వంచి, మూతికి తగలకుండా, పైనుంచి ఎత్తి పోసుకుంటున్నారు. ఒక్కొక్కరి గొంతులో గడగడమని చెంబెడు నీళ్లు దిగుతున్నాయి. ఎంగిలి కాకుండా నలుగురు ఒకే క్యానుతో తాగాలంటే అదొక్కటే పద్ధతి. తరతరాల పద్ధతి, శుభ్రమైన పద్ధతి. కడుపు గొట్టమంత మిగిలినవాడికి మాత్రం అది చావు పద్ధతి.

"ఓదెలు ఎట్ల తాగేటోడు?" అన్నాను.

కొమురయ్య క్యాను మూత బిగించి పక్కన పెట్టాడు.

"మొదటి దినం మా లెక్కనే ఎత్తి పోసుకున్నడు సార్. పోసుకున్నదంత కక్కిండు. గప్పటి సంది క్యాను ముడితే ఒట్టు."

"మరి సీసా తెచ్చుకోవచ్చు గదా?"

"తెచ్చిండు సార్. గింత బుడ్డ సీసా. మూతి పెట్టి జర్రంత, జర్రంత తాగుతుంటే..." కొమురయ్య కిందికి చూశాడు. "మేమే నవ్వినం. 'పాలపీక తెచ్చుకున్నవా బావా, జోల పాడాల్నా' అన్న నేను. తెల్లారి సంది సీసా తేలేదు."

"మరి ఎనిమిది గంటలు?"

"ఏం తాగకపోతుండె గావచ్చు సార్. మేము అడగలే."

అడగనిది వాళ్లొక్కరే కాదు గదా. ఆ చీకట్లో నా మొహం ఎవరికీ కనపడనందుకు బాయికి రుణపడి ఉన్నాను.

బయటికొచ్చి సారక్కను అడిగితే ఇంకో సంగతి చెప్పింది. "బిందె పొద్దున ఎంతుంటదో మాపటికి గంతే ఉంటది సార్. అడిగితే 'బాయిల తాగిన' అంటడు. బాయికి పోని దినాల 'గ్రౌండుల తాగిన' అనేటోడు." నా దగ్గర అతను ఏనాడూ తాగలేదు. గ్రౌండులో తాగడానికి నేను ఏనాడూ ఇవ్వలేదు.

బ్రేకు మీద చెయ్యి

ఓదెలును పిలిచి అడిగాను. దాచలేదు.

"పిచ్చివట్టినోని లెక్క నిమిషానికోసారి సీసా చప్పరించుడు నాతోని గాదు సార్. మరిచిపోత. యాదికొచ్చినప్పుడు దూప మీద గటగట తాగుత, కక్కుత. గంతకంటే తాగకుంటనే మంచిదనిపించింది."

మనిషికి దాహం వేసినప్పుడు తాగడం తెలుసు. దాహం వేయకముందే తాగడం కొత్తగా నేర్పాలి. గడియారం చూసి తాగమంటే ఓదెలు చెయ్యడు. కానీ అతను ఇరవై ఏళ్లుగా ఒక్కసారి కూడా పొరపడకుండా వింటున్నది ఒకటి ఉంది. గంట.

"బాయిల గంట వినవడ్డప్పుడల్లా ఒక గుటక," అన్నాను, గొప్ప ఆవిష్కరణ చేసినవాడిలా.

ఓదెలు నన్ను జాలిగా చూశాడు. "సార్, గుంజుమని గంట గొట్టంగ చెయ్యి బ్రేకు మీద ఉండాలె. సీసా మీద ఉంటే టబ్బులు నీ దవాఖాన దాంక ఉరికొస్తయి."

చదువుకున్నవాడి తెలివిని పనివాడు దిద్దడం నా సర్వీసులో చాలాసార్లు జరిగింది. బయటికి చెప్పుకోవడం ఇదే మొదలు.

"అయితే నువ్వే చెప్పు."

ఓదెలు మీట పట్టుకున్నట్టు చెయ్యి ముందుకు చాపాడు. "ఆగుమనే గంట ఉంటది. టబ్బులు ఆగినంక, బ్రేకు బిగిచ్చినంక, చేతులు ఖాళీ. గప్పుడు ఒక గుటక."

ఆ నెల రోజులూ వరండాలో సాధన చేయించాను. సాధనకు గంట కావాలి. గంటకు మా దవాఖానలో కొదవ లేదు. సూపరింటెండెంటు బెల్లు మోగితే ఓదెలు లేచి వరండా ఆ చివర దాకా నడిచి తిరిగి రావాలి. అటెండరు గదిలోంచి బయటికి వస్తే టబ్బులు ఆగినట్టు లెక్క, అప్పుడు కూర్చుని ఒక గుటక. మొదటి రోజు మధ్యాహ్నానికే ఓదెలు చేతులు జోడించాడు.

"సార్, నడిచి నడిచి కాళ్లు పోతున్నయి. గీ సారు ఇంటికెప్పుడు పోతడు?"

ఆ గంట మా దవాఖానలో ఒక రోగికి పనికిరావడం అదే మొదటిసారి. ఆ సంగతి సూపరింటెండెంటుకు చెప్పలేదు. చెప్తే దానికీ ఒక గంట కొట్టేవాడు.

అన్నం విషయం సారక్కే తీర్చింది. కంచం తీసి కడిగి బోర్లించి, ఆ పూట గిన్నెలన్నీ తోమడం అయ్యాక చెంబు ఇచ్చేది. అరగంట కొలవడానికి ఆమెకు గడియారం అక్కర్లేకపోయింది. కూర్చుని చూసే మొగుడు కూడా రెండు గిన్నెలు తోమడం నేర్చుకున్నాడని తర్వాత విన్నాను. వ్యాయామంలో అది కూడా రాసుకున్నాను.

పిక్కలు పట్టడం పోయింది. కండ్లు తిరగడం పోయింది. రౌండ్లు కూడా పెరిగాయి, ఈసారి నేనూ పక్కనే నడిచాను. అతని సగం కూడా నడవలేకపోయాను. సిమెంటు బెంచీ నన్ను చూసి నవ్వినట్టనిపించింది.

బోర్డు ముందు రోజు కొమురయ్య నా గదికి వచ్చాడు. చేతిలో పాత కన్వేయరు బెల్టు ముక్కతో కుట్టిన సంచీ. సరిగ్గా ఒక చిన్న సీసా పట్టేంత, నడుము బెల్టుకు బ్యాటరీ పక్కన తగిలించుకునేట్టు.

"బావకు ఇయ్యి సార్. నేనిస్తే తీసుకోడు."

"నువ్వే ఇయ్యి. జోల కూడా పాడు," అన్నాను.

ఇచ్చాడు. పాడాడో లేదో అడగలేదు. తర్వాత ఓదెలు మాత్రం "గాడిద కొడుకు, బాగనే కుట్టిండు" అన్నాడు. ఆ భాషలో అది క్షమాపణ స్వీకరించడమే.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. మెట్లు ఎక్కించారు, దించారు, బీపీ చూశారు, కూర్చోబెట్టి లేపారు. అన్నీ అయ్యాక ఓదెలు నడుముకున్న సంచీలోంచి సీసా తీసి, మూతి పెట్టి ఒక గుటక తాగి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బోర్డు ముందు నీళ్లు తాగుడేందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"పని ఆగింది గద సార్," అన్నాడు ఓదెలు.

ఫిట్ రాశారు. ఈసారి కింద నా సంతకం పెట్టేటప్పుడు మీసం జోలికి పోలేదు.

మీకోసం

ఇందులో నేర్చుకోవలసింది ఏముందని అడిగితే పెద్దగా లేదు. నీళ్లు ఎంత తాగాలో, ఎప్పటినుంచి ఏ వ్యాయామం చెయ్యాలో ఆపరేషన్ చేసిన డాక్టర్లు చెప్తారు, వాళ్ల మాటే వినండి. రోగి "తాగుతున్న" అంటే మాత్రం అక్కడితో వదిలిపెట్టొద్దు. దేంతో తాగుతున్నాడు, ఎవరి ముందు తాగుతున్నాడు, ఎవరు నవ్వుతున్నారు అని అడగండి. వీలైతే పోయి చూడండి. ఇరవై ఏళ్లు ఆగొద్దు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నా పదవీ విరమణ. రాష్ట్రానికి సంబురాలు, నాకు శాలువా. దవాఖాన హాల్లో సభ. అప్పటికే రిటైరయిన మా సూపరింటెండెంటును ముఖ్య అతిథిగా పిలిచారు. బల్ల మీద గంట లేకపోవడంతో ఆయన మైకు పట్టుకున్నాడు. నా గొప్పతనంతో మొదలుపెట్టి నా గొప్పతనానికి తానే కారణమన్న దాకా వచ్చాడు. ఇంకా ఆపలేదు.

ఓదెలు ఫస్టు షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కండ్ల అంచుల్లో బొగ్గు అట్లాగే ఉంది. ఇప్పటికీ ఆ సీట్లోనే కూర్చుంటున్నాడు. ముందు వరసలో నా పక్కనే కూర్చున్నాడు. నడుముకు అదే బెల్టు సంచీ, కుట్లు మాత్రం రెండోసారి వేసినవి. చెయ్యి సీసా మీద పెట్టి, తీయకుండా, మైకు వైపే చూస్తున్నాడు. ప్రసంగం సాగుతూనే ఉంది.

చాలాసేపటికి నా చెవి దగ్గరికి వంగాడు.

"సార్, దూపయితుంది. టబ్బులు ఆగుతలేవు."

"చెయ్యి బ్రేకు మీదనే ఉంచు ఓదెలన్నా," అన్నాను.